రాత్రిని పగలనుకున్న లైటు

చదువుకునే పిల్లలున్న ఇళ్ళలో ఇది మామూలే. రాత్రి పడుకునే దాకా బల్ల మీద చక్కగా పనిచేసిన సర్క్యూట్ పొద్దున్న లేచేసరికి మొరాయిస్తుంది. పిల్లాడు ముందు ట్రాన్సిస్టర్ మారుస్తాడు. లాభం లేదు. ఐసీ మారుస్తాడు. అదీ లాభం లేదు. చేతిలో ఉన్న సామానంతా అయిపోయాక కాశీబుగ్గ బస్సెక్కుతాడు. అక్కడ దొరక్కపోతే శ్రీకాకుళం, అక్కడా లేకపోతే విశాఖపట్నం. డబ్బు సంగతి అలా ఉంచండి, అసలు చెడిందేమిటో వాడికి చివరికీ తెలీదు. నాకు బాధ కలిగేది అందుకే. మీరు ఆ పిల్లాడికి తల్లో తండ్రో మాస్టారో అయితే, ఈసారి వాడు సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టబోతుంటే ఒక్క మాట అడగండి: "ఏ వేళప్పుడు ఆగిపోయిందిరా?"

మన ఉద్దానం తీరంలో ఈ ఒక్క ప్రశ్నతో సగం జబ్బు బయటపడుతుంది. ఎలాగో అక్కుపల్లి లైటు సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

అక్కుపల్లి ఎప్పుడూ చూడనివాళ్ళకి రెండు ముక్కలు. వజ్రపుకొత్తూరు మండలంలో, పలాసకి తూర్పున, సముద్రం అంచున ఉన్న ఊరు. శివసాగర్ బీచ్ అంటే శ్రీకాకుళం జిల్లాలో చాలామంది గుర్తుపడతారు. జీడితోటలు, కొబ్బరితోటలు దాటితే ఇసక, ఆ పైన కెరటాలు. కెరటం విరిగినప్పుడల్లా కంటికి ఆనని తుంపర గాల్లోకి లేస్తుంది. అందులో నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు ఇంటి గ్రిల్లు మీదా, సైకిల్ గొలుసు మీదా, టీవీ వెనకా, పిల్లలు చేసిన బోర్డు మీదా సమానంగా పడుతుంది.

ఆ ఊళ్ళో నాకు వరసకి మావయ్య అయ్యే పెద్దాయన ఒకరున్నారు. ఇంజనీరింగ్ చదివే మనవడు సెలవులకి వచ్చి, చీకటి పడగానే దానంతటదే వెలిగే లైటు ఒకటి వీధి గుమ్మం మీద బిగించి వెళ్ళాడు. కొన్నాళ్ళకి అది ఆగిపోయింది. కబురు పెడితే వెళ్ళాను.

"ఏటి మావా, లైటు ఎలగట్లేదంట?"

"మొదట్లో బాగానే ఎలిగీదిరా. దీపాల ఏళకి టక్కున ఎలిగీది. పోనుపోను లేటయిపోవడం మొదలెట్టింది. మొన్నటిదాకా మేం అన్నాలకి కూకునే ఏళకి ఎలిగీది. ఇప్పుడు అసలే నేదు. పలాస అట్టుకెళ్తే అక్కడ బాగానే ఎలిగిందట. షాపోడు ఏటీ నేదన్నాడు."

ఆయనకి ఎలక్ట్రానిక్స్ తెలీదు. అయినా నాకు కావలసిందంతా ఆ నాలుగు మాటల్లోనే చెప్పేశారు. కాలిపోయిన భాగం ఒక్కసారిగా పోతుంది కానీ, రోజురోజుకీ కాస్త కాస్త ఆలస్యంగా పనిచెయ్యదు. కాబట్టి ఇక్కడ ఏదో నెమ్మదిగా పెరుగుతోంది. ఇంక పలాస షాపులో పట్టపగలు, ఫ్యాను కింద, పొడి బల్ల మీద, వెలుతురు తగలకుండా మూసి చూస్తే అది బాగానే పనిచేసింది. షాపతను అబద్ధం చెప్పలేదు. జబ్బు చీకటి పడ్డాక, సముద్రపుగాలిలో వస్తుంటే, మధ్యాహ్నం పలాసలో చూస్తే ఎలా కనబడుతుంది?

ఇప్పుడు బోర్డు సంగతి. వెరో బోర్డు మీద చేసిన చిన్న సర్క్యూట్. 12 వోల్టుల అడాప్టర్. ప్లస్ నుంచి 10 లక్షల ఓముల రెసిస్టర్, దాని కింద ఎల్‌డీఆర్, ఎల్‌డీఆర్ రెండో కాలు మైనస్‌కి. ఎల్‌డీఆర్ అంటే తెలుసుగా, వెలుతురు పడితే ఓములు తగ్గి, చీకట్లో పెరిగే చిన్న బిళ్ళ. ఈ రెండూ కలిసేచోటు నుంచి ఒకదాని వెనక ఒకటి కట్టిన రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, వాటికి రిలే, రిలేకి లైటు. ఆ కలిసేచోట 1.2 వోల్టులు వస్తే ట్రాన్సిస్టర్లు రెండూ లేస్తాయి, రిలే లాగుతుంది, లైటు వెలుగుతుంది. లెక్క కడితే, ఎల్‌డీఆర్ సుమారు 1,11,000 ఓములు దాటినప్పుడు ఆ 1.2 వోల్టులు వస్తాయి. పగలు అది కొద్ది వేల ఓములే కాబట్టి లైటు ఆరి ఉంటుంది. పిల్లాడి లెక్కలో తప్పేమీ లేదు.

కాకపోతే ఎల్‌డీఆర్ రెండు కాళ్ళ మధ్య, బోర్డు అడుగున, ఉప్పు పొర ఒకటి చేరింది. అదీ ఒక రెసిస్టర్ లాంటిదే, ఎల్‌డీఆర్‌కి పక్కనే సమాంతరంగా కూర్చుంది. ఆ పొర 5 లక్షల ఓములున్నప్పుడు, లైటు వెలగాలంటే ఎల్‌డీఆర్ 1,43,000 దాటాలి, అంటే ఇంకాస్త చీకటి పడాలి. పొర 2 లక్షలకి దిగితే ఎల్‌డీఆర్ రెండున్నర లక్షలు దాటాలి. అన్నాలకి కూర్చునే వేళ అంటే ఇదే. పొర లక్షకి దిగిందా, ఇక అమావాస్య అర్ధరాత్రి అయినా ఆ కలిసేచోట 1.09 వోల్టుల కంటే పైకి లేవదు. ట్రాన్సిస్టర్లకి అది ఎప్పటికీ పగలే. మావయ్య చెప్పిన ప్రతి ముక్కా ఈ లెక్కలో అతికినట్టు సరిపోతుంది. రిపేరులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఇంకా మూత కూడా తియ్యలేదు, ఎక్కడ చూడాలో తెలిసిపోయింది.

అయినా అనుమానం మీద ఏదీ మార్చకూడదు, కొలవాలి. చీకటి పడేదాకా ఆగి, లైటు ఉన్నచోటే మీటర్ పెట్టాం. నల్ల వైరు మైనస్‌కి, ఎర్ర వైరు కలిసేచోటికి. వోల్టు కూడా నిండుగా లేదు. ఎల్‌డీఆర్ ఒక కాలు ఊడదీసి మళ్ళీ చూశాం. అది లేకపోతే వోల్టేజి 1.2కి ఎగబాకి లైటు వెలగాలి. వెలగలేదు. దాంతో ఎల్‌డీఆర్ మీద నేరం పోయింది. తర్వాత ప్లగ్గు పీకి, మీటర్ ఓముల మీద పెట్టి, బోర్డు అడుగున ఎల్‌డీఆర్ కాళ్ళున్న రెండు టంకం చుక్కల మధ్య కొలిచాం. లక్షకి అటూ ఇటూ ఊగుతోంది. అప్పుడు బోర్డుకి నోరు దగ్గరగా పెట్టి, అద్దం తుడిచేముందు ఊదినట్టు ఒక్క ఊపిరి వదిలాను. అంకెలు గబగబా కిందికి దిగాయి. ఒక నిమిషం ఆగితే మళ్ళీ మెల్లగా పైకి. ఈ పరీక్షకి ఖర్చు లేదు, పెద్ద పరికరమూ అక్కర్లేదు. తీరప్రాంతంలో ఎవరి బోర్డు అనుమానంగా ఉన్నా ముందు ఇది చేసి చూడమంటాను. భూతద్దంలో చూస్తే టంకం చుట్టూ పసుపుపచ్చటి పేస్టు, దాని మీద తెల్లటి పొర, ఒక కాలి మొదట్లో పచ్చటి చిలుము.

మీటర్ గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. చవగ్గా దొరికే డీటీ830 రకం పసుపు మీటర్ వోల్టులు కొలిచేటప్పుడు తానే 10 లక్షల ఓముల రెసిస్టర్‌లా సర్క్యూట్‌కి తగులుకుంటుంది. పాత ముల్లు మీటరైతే 10 వోల్టుల రేంజిలో చాలావాటికి 2 లక్షలే. ఇలాంటి పెద్ద ఓముల చోట అవి చూపించే అంకె అసలు కంటే తక్కువుంటుంది. కోటి ఓముల మీటర్ అయితే మంచిది. అది లేకపోతే, నా మీటర్ కొంత లాగేస్తోంది అని మనసులో పెట్టుకుని చదువుకోవాలి.

ఇంతకీ వాన పడలేదు, బోర్డు మీద నీళ్ళు ఎవరూ పొయ్యలేదు, తడి ఎక్కడిది? మన వంటింట్లో కల్లుప్పు కుండ వానాకాలంలో చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. అక్కడా ఇక్కడా కారణం ఒకటే. శుద్ధమైన ఉప్పు గాల్లో తేమ 75 శాతం దాటితే ఆ తేమని పీల్చుకుని తనే ఉప్పునీరైపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ దాటితే చాలు. మన తీరంలో సాయంత్రం నుంచి తెల్లవారేదాకా గాలి ఎంత చెమ్మగా ఉంటుందో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఎండకి పెట్టె లోపల వేడెక్కి పొర ఆరుతుంది, సర్క్యూట్ బాగైపోతుంది. పొద్దువాలితే మళ్ళీ తడుస్తుంది. పొద్దున్న లేచేసరికి మొరాయించే బోర్డులు మన వైపు అన్ని ఉండడానికి ఇదే కారణం.

బాగుచెయ్యడం ఇక తేలిక, కానీ వరస తప్పకూడదు. చాలామంది నేరుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేసి అయిందనుకుంటారు. అది పేస్టునీ జిగురునీ కరిగిస్తుంది. ఉప్పు దాన్లో సరిగా కరగదు. ఉప్పు పోవాలంటే నీళ్ళే కావాలి. అలాగని బోరు నీళ్ళు పొయ్యొద్దు, వాటిలోనూ లవణాలుంటాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని, పాత టూత్‌బ్రష్‌తో బోర్డు అడుగు రుద్ది కడగండి. ఆ తర్వాత ఆల్కహాల్. అది మిగిలిన జిగురుతో పాటు సందుల్లోని నీటినీ తీసుకుపోతుంది. రిలే, బజర్, తిప్పే ప్రిసెట్ మాత్రం తడవకుండా చూసుకోవాలి. ఒక పూట ఎండలో పెట్టి, పూర్తిగా ఆరాక, అడుగున పారదర్శకమైన ఆక్రిలిక్ పూత స్ప్రే చెయ్యండి. రెండు మూడు చుక్కలే అయితే రంగులేని గోళ్ళ పాలిష్‌తో కూడా కొంతకాలం గడుస్తుంది.

పూత మాటొచ్చింది కాబట్టి పక్కదారి పడతాను. పలాస జీడిపప్పు సంగతి అందరికీ తెలుసు. జీడిగింజ తొక్కలోంచి వచ్చే నల్లటి నూనె సంగతి మన పక్క వాళ్ళకే ఎక్కువ తెలుసు. ఆ నూనె నుంచి చేసిన రెసిన్లని పరిశ్రమల్లో కరెంటు ఇన్సులేషన్ వార్నిష్‌లకీ, రంగులకీ, వాహనాల బ్రేకు లైనింగులకీ వాడతారు. మన తోటల్లో పండే గింజ తొక్క ఎక్కడో మోటారు చుట్టలని చెమ్మ నుంచి కాపాడుతోందంటే నాకెంతో సంతోషంగా ఉంటుంది. అయితే ఇది విని ఏ పిల్లాడైనా పచ్చి జీడి రసం బోర్డుకి పూస్తాడేమో, వద్దని గట్టిగా చెప్పండి. చెయ్యి పొక్కిపోతుంది, అందులోని ఆమ్లం రాగినీ తినేస్తుంది. ఫ్యాక్టరీలో శుద్ధి చేసి, రెసిన్‌గా మార్చాకే అది పనికొస్తుంది.

కడిగి పూత పూస్తే లైటు మళ్ళీ దీపాల వేళకి వెలిగింది. అక్కడితో ఆపకుండా, మనవడికి ఫోన్ చేసి ఇంకొక్క మార్పు చెప్పాను: ఆ 10 లక్షల ఓముల రెసిస్టర్ తీసి లక్ష ఓములది పెట్టమని. అప్పుడు ఎల్‌డీఆర్ 11,000 ఓములు దాటగానే లైటు వెలుగుతుంది, అంటే ఇంకా కాస్త వెలుతురుండగానే. వీధి గుమ్మానికి అదే నయం. ఇక మళ్ళీ లక్ష ఓముల ఉప్పు పొర చేరినా, ఎల్‌డీఆర్ 12,500కి చేరేసరికి వెలిగేస్తుంది. తేడా ఎవరూ గమనించనంత. అదే పొర పాత లెక్కలో లైటుని పూర్తిగా ఆపేసింది. పుస్తకాల్లో, వీడియోల్లో వచ్చే సర్క్యూట్లలో కరెంటు ఆదా కోసం పెద్ద పెద్ద ఓములు వాడతారు. పొడి ఊళ్ళలో అది తెలివైన పనే. సముద్రం ఒడ్డున మాత్రం, తప్పనిసరైతే తప్ప లక్ష ఓములు దాటొద్దని నా గట్టి అభిప్రాయం.

వేళ అడగడం ఉప్పుకొక్కదానికే కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరితోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు బైకు బ్యాటరీ నుంచి ఫోన్ చార్జ్ చేసుకునే ఏర్పాటు ఎంత విలువైందో అనుభవించిన వాళ్ళకే తెలుసు. పిల్లలు మొదట చేసేది 7805 ఐసీతోనే. 12 వోల్టులు ఇస్తే 5 వోల్టులు ఇస్తుంది, మూడు కాళ్ళే, ధర తక్కువ. దానితో వచ్చే ఫిర్యాదు ఒక్కటే: "కాసేపు చార్జవుతుంది, ఆగిపోతుంది, మళ్ళీ అవుతుంది." చేసిన పిల్లాడు కేబుల్‌ని అనుమానిస్తాడు. ఎంతసేపటికి ఆగుతోందని అడిగితే, మొదలెట్టిన కాసేపటికే అంటాడు. మిగిలిన 7 వోల్టులూ అర ఆంపియర్ దగ్గర మూడున్నర వాట్ల వేడిగా ఆ చిన్న ముక్కలోనే పుడతాయి. వెనకాల అల్యూమినియం రేకు లేకపోతే అది వేడెక్కిపోయి, తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. చల్లారాక మళ్ళీ లేస్తుంది. చెడిందేమీ లేదు. రేకు బిగించండి. అంతకంటే మంచిది, ఎల్ఎం2596 పెట్టిన చిన్న బోర్డు వాడండి. అది మిగులుని వేడి చేసి పారబొయ్యదు కాబట్టి బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. తుపాను రోజుల్లో అదే కావాలి కదా.

నిమిషాల్లో ఆగితే వేడిని అనుమానించండి. నెలలు పనిచేసి ఆగితే? నీళ్ళ ట్యాంకు నిండితే మోగే అలారం పిల్లలందరూ చేస్తారు. ట్యాంకులో రెండు రాగి తీగలు వేలాడదీస్తే, నీళ్ళు తగలగానే ట్రాన్సిస్టర్ లేచి బజర్ మోగుతుంది. కొన్నాళ్ళకి మోగదు. తీగలు బయటికి తీసి చూడండి. ప్లస్‌కి కట్టిన తీగ సన్నబడి, పచ్చబడి, ఒక్కోసారి పూర్తిగా తెగిపోయి ఉంటుంది. ఒకే దిక్కుగా పారే కరెంటు రాగిని కొంచెం కొంచెంగా నీళ్ళలోకి లాగేస్తుంది. సర్క్యూట్ మొత్తం బాగానే ఉంటుంది, తీగే ఉండదు. రాగి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు పెట్టాలి. మైక్రోకంట్రోలర్‌తో చేస్తే, తీగలకి ఎప్పుడూ కరెంటు ఇచ్చి ఉంచకుండా, కొలిచే ఆ క్షణం మాత్రమే ఇవ్వాలి. కిడ్నీ జబ్బుల వల్ల ఉద్దానంలో ప్రతి ఇల్లూ తాగే నీటి గురించి భయపడుతూ బతికింది. మన సరదా ప్రాజెక్టు వల్ల ట్యాంకు నీళ్ళలో చిటికెడు రాగి కూడా కరగకూడదు. ఇందులో నేను రాజీపడను, మీరూ పడొద్దు.

కరెంటు జాగ్రత్త గురించి కూడా ఖచ్చితంగా చెప్పాలి. లైటు సర్క్యూట్‌లో రిలేకి ఒక పక్క 12 వోల్టులే, రెండో పక్క 230. ఉప్పు చెమ్మ ఈ రెండింటి మధ్యా వంతెన వెయ్యగలదు. అందుకే ప్లగ్గు పీకకుండా బోర్డు ముట్టుకోవద్దు. పాడైపోయిన చవక ఎల్ఈడీ బల్బులు విప్పి చూసే సరదా పిల్లలకి ఎక్కువ. వాటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, లోపల ప్రతి చుక్కా మెయిన్స్‌కి తగులుకునే ఉంటుంది. హోల్డర్‌లోంచి తీశాక కూడా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉండొచ్చు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా వాటి జోలికి పోనివ్వకండి.

అమెరికాలో నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ ఇంజనీరు బాబ్ పీస్ ఒక్క ఈ లోపాలు పట్టే పని గురించే 1991లో ‘ట్రబుల్‌షూటింగ్ అనలాగ్ సర్క్యూట్స్’ అని ఒక పుస్తకం రాశారు. ఐసీలు డిజైన్ చేసే అంతటాయన ఈ పనికి ఒక పుస్తకమే కేటాయించారంటే, రిపేరు తక్కువ పని అనుకునే మన కాలేజీ పిల్లలు కొంచెం ఆలోచించాలి. డిజైన్ నేర్పే క్లాసులు చాలా ఉన్నాయి. చెడిపోయిన బోర్డు ఒకటి చేతికిచ్చి, ఏం చెడిందో మార్కుల కోసం కాకుండా తేల్చమనే క్లాసు ఒక్కటైనా ఉండాలని నా కోరిక.

చివరిగా పెట్టె సంగతి. ఉప్పు రాకుండా నాలుగు వైపులా గట్టిగా మూసేద్దామని అందరికీ అనిపిస్తుంది. పగలు వేడికి గాలి ఉబ్బి సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడ్డాక చెమ్మగాలిని లోపలికి పీల్చుకుంటుంది. లోపలికొచ్చిన నీరు బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతుంది. అందుకని పెట్టెకి కింది వైపు ఒక చిన్న రంధ్రం ఉంచండి. వైర్లు కూడా కింది నుంచే లోపలికి వెళ్ళాలి, అదీ కాస్త కిందికి వేలాడి పైకి లేచేలా. అప్పుడు వాననీరు వైరు వెంట లోపలికి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

ఆ రంధ్రానికి దోమతెర ముక్క ఒకటి అతికించడం మర్చిపోకండి. వానాకాలంలో చీమలకి పొడిచోటు కావాలి. కొబ్బరితోటల్లో మోటారు స్టార్టర్లు విప్పితే కాంటాక్టుల మధ్య నలిగిన చీమలు కనబడడం మన రైతులకి కొత్త కాదు. 1947 సెప్టెంబర్ 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్ ఆగిపోతే, వెతికి వెతికి ఒక రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగుని బయటికి తీశారు, దాన్ని లాగ్‌బుక్‌లో టేపు వేసి అతికించారు. నాలుగు వైపులా మూసి ఉండే చిన్న నీలం రిలేలకి ఈ బాధ లేదు. కాంటాక్టులు బయటికి కనబడే రిలే, స్టార్టర్ ఏదైనా మీ తోటలో ఉంటే, తొలకరికి ముందే మెయిన్ ఆపి, మూత తీసి, బ్రష్‌తో ఒకసారి శుభ్రం చేసి పెట్టుకోండి.